ఒక్క వారం సెలవు: నవంబర్‌లో వైట్‌టెయిల్ వేటకు ఏ రోజులు, ఏ ఆయుధం, ఏ చోటు

ఏటా సెప్టెంబర్ దాటేలోపు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, ఈసారి లైసెన్స్ తీసుకున్నా. నవంబర్‌లో ఏ వారం లీవ్ పెట్టమంటావు?" కొలంబస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లలో వైట్‌టెయిల్ అనే ఇక్కడి జింకల వేటకు వెళ్లేవాళ్లు తక్కువే గానీ, ఏటా ఒకరిద్దరు కొత్తగా చేరుతున్నారు. అందరిదీ ఒకటే ఇబ్బంది. ఇండియా ప్రయాణానికి సెలవులు దాచుకోవాలి, పిల్లల స్కూలు చూసుకోవాలి. అన్నీ పోగా వేటకు మిగిలేది ఐదు రోజులు, వాటికి అటూ ఇటూ శని ఆదివారాలు. ఆ తొమ్మిది రోజులు ఎప్పుడు పెట్టుకోవాలి, చేతిలో ఏం పట్టుకోవాలి, ఎక్కడ కూర్చోవాలి అన్న మూడు ప్రశ్నల్నీ కలిపి ఆలోచించాలి. విడివిడిగా ఆలోచిస్తే తప్పు వారం దొరుకుతుంది. నాకు మొదటి ఏడు అదే జరిగింది.

నేను వేటాడేది ఒహాయోలో కాబట్టి ఇక్కడ చెప్పే తేదీలు ఒహాయోవి. ఇండియానా, ఇల్లినాయ్, పెన్సిల్వేనియాలో కూడా దాదాపు ఇవే సరిపోతాయి. దక్షిణాదికి వెళ్తే లెక్క మారిపోతుంది. దక్షిణ టెక్సాస్‌లో అసలు జోరు డిసెంబర్ మధ్యలో ఉంటుంది, అలబామాలో చాలా చోట్ల జనవరి దాకా సాగుతుంది. డాలస్‌లో ఉన్నవాళ్లు నా తేదీలు పట్టుకుని దక్షిణ టెక్సాస్‌లో వేటకు లీజుకు తీసుకున్న నేలకు వెళ్తే నెల రోజులు ముందు వెళ్లినట్టవుతుంది.

ముందు ఎద సంగతి

జింకలు ఎదకు వచ్చే ఈ కాలాన్ని ఇక్కడివాళ్లు రట్ అంటారు. పగటి వెలుగు తగ్గుతూ రావడమే దానికి మూలం. అందుకే ఒకే ప్రాంతంలో ఏటా దాదాపు అవే తేదీల్లో వస్తుంది. కడుపులో పిల్లల వయసు కొలిచి వెనక్కి లెక్కేసి చూసినా ఏ ఏటికా ఏడు పెద్ద తేడా కనిపించదు. పౌర్ణమిని బట్టి, మొదటి మంచును బట్టి రట్ మారుతుందని చాలామంది నమ్ముతారు. చలి పడితే జింకలు పగటిపూట ఎక్కువ తిరుగుతాయి, అది నిజం. ఎద తేదీ మాత్రం మారదు. కాబట్టి జూలైలోనే లీవ్ అప్లై చేసుకోవచ్చు, వాతావరణం కోసం ఆగక్కర్లేదు.

ఆడ జింక ఎదలో ఉండేది ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. అప్పుడు కట్టకపోతే మళ్లీ ఇంచుమించు 28 రోజులకు వస్తుంది. కడుపు మోసేది దాదాపు 200 రోజులు. మా వైపు ఎక్కువ ఆడవి కట్టేది నవంబర్ మధ్యలో, పిల్లలు పుట్టేది మే చివర్లో, జూన్ మొదట్లో. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే మిగతాదంతా వాటి నుంచే అర్థమవుతుంది.

ఏ వారం

అక్టోబర్ చివరి వారం స్క్రేప్‌ల వారం. స్క్రేప్ ఎలా ఉంటుందో దగ్గరగా చూడండి. ఆకులన్నీ గిట్టలతో పక్కకు గీరేసి, పెద్ద చాటంత మేర నల్లమట్టి బయటపడి ఉంటుంది. దానికి సరిగ్గా పైన, జింక మొహం ఎత్తులో ఒక సన్నటి కొమ్మ వేలాడుతుంది. ఆ కొమ్మ చివర నమిలి, నలిగి, విరిగి ఉంటుంది. మగ జింక తన కళ్ల దగ్గరి వాసన, నోటి వాసన ఆ కొమ్మకు పూసి, కింద మట్టిలో మూత్రం పోస్తుంది. కొత్తవాళ్లు స్క్రేప్ కనిపించగానే ఉత్సాహపడి అక్కడే కూర్చుంటారు. కానీ వాటి దగ్గరికి మగవి వచ్చేది ఎక్కువగా రాత్రిపూటే. ఈ వారం బాగుండాలంటే మీకు ఆ అడవి ముందే బాగా తెలిసి ఉండాలి, ఫలానా జింక ఫలానా పొదలో పడుకుంటుందని చెప్పగలగాలి. ఉద్యోగం చేసుకుంటూ శనివారాలు మాత్రమే వెళ్లే మనకు అది కష్టం.

నవంబర్ 1 నుంచి 10 దాకా వెతుకులాట, తరుములాట. మగవాటికి ఒళ్లు వేడెక్కి ఉంటుంది, ఎదకు వచ్చిన ఆడవి మాత్రం ఇంకా చాలా తక్కువ. అందుకని ఒక పొద నుంచి ఇంకో పొదకు, ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకు పగలంతా తిరుగుతాయి. ఎన్నడూ ఆ చోట కనిపించని మగవి కూడా వస్తాయి. మీ అడవి మీకు పెద్దగా తెలియకపోయినా ఫర్వాలేదు, ఎందుకంటే ఆ రోజుల్లో జింకకూ అలవాటైన దారి అంటూ ఉండదు. ఏడాదంతా వాటిని గమనించే తీరిక లేనివాడికి కాస్త సమానంగా అవకాశం ఇచ్చే పది రోజులు ఇవే.

నవంబర్ 12 నుంచి 18 దాకా, పుస్తకం లెక్కన శిఖరం. నేను మొదటి ఏడు సెలవు పెట్టింది ఈ రోజులకే. "పీక్" అన్న మాట విని అప్పుడే జింకలు ఎక్కువ కనిపిస్తాయనుకున్నా. ఐదు రోజులు తెల్లారకముందే చెట్టెక్కి కూర్చుంటే రెండు కుర్ర జింకలు తప్ప ఏమీ రాలేదు. ఆఖరి రోజు మధ్యాహ్నం విసిగిపోయి కారు దగ్గరికి నడుస్తుంటే, రోడ్డు పక్కన మన వాకిలంత గడ్డి మడిలో ఒక ఆడ జింక పడుకుని ఉంది. దానికి పది అడుగుల దూరంలో, తల కిందికి దించి, కదలకుండా ఒక పెద్ద మగది నిలబడి ఉంది. నన్ను చూసింది. అయినా ఆడది లేచేదాకా కదల్లేదు. దీన్ని ఇక్కడివాళ్లు లాక్‌డౌన్ అంటారు. ఆడవి ఎక్కువగా ఎదలో ఉన్నప్పుడు ఒక్కో మగది ఒక్కోదాన్ని పట్టుకుని, వేరే మగవి రాని మూలకు తీసుకెళ్లి ఒకటి రెండు రోజులు అక్కడే ఉండిపోతుంది. అంటే ఎద పతాక స్థాయిలో ఉన్నప్పుడే వేటగాడికి అడవి ఖాళీగా కనిపిస్తుంది. దొరికితే పెద్దదే దొరుకుతుంది, కానీ అది అదృష్టం మీద ఆధారపడిన వారం.

థాంక్స్ గివింగ్ తర్వాతి సోమవారం నుంచి ఏడు రోజులు ఒహాయో గన్ వీక్. అప్పటికి కట్టడం చాలావరకు అయిపోయి ఉంటుంది. అడవి నిండా ఆరెంజ్ చొక్కాల వేటగాళ్లు, జింకలన్నీ దట్టమైన పొదల్లో. ఇందులో ఒక సుఖం ఉంది. తుపాకీ పరిధి ఎక్కువ కాబట్టి దూరంగా పోతున్న దాన్ని కూడా కొట్టవచ్చు, ఇంకో నలుగురు తిరుగుతుంటే జింకలు కదులుతాయి. మాంసం కోసమే వెళ్లేవాళ్లకు ఈ వారం చాలు. విస్కాన్సిన్, మిస్సోరిలో మాత్రం ఈ లెక్క వేరు. మిస్సోరిలో తుపాకీ సీజన్ నవంబర్ మధ్యలోనే మొదలవుతుంది, విస్కాన్సిన్‌లో థాంక్స్ గివింగ్‌కు ముందు శనివారం నుంచి తొమ్మిది రోజులు. అక్కడ ఉన్నవాళ్లకు రట్‌లోనే రైఫిల్ పట్టుకునే వీలుంది.

డిసెంబర్ రెండో వారాన్ని రెండో రట్ అని ఊరిస్తారు. మొదటిసారి కట్టనివి, ఆ ఏడే పుట్టి బాగా మేసి ఎదిగిన కొన్ని పిల్ల ఆడవి అప్పుడు ఎదకు వస్తాయి. ఉన్నమాటే, కానీ పలచన. దానికోసం సెలవు పెట్టొద్దు.

కాబట్టి నా సలహా: ఒక్క వారమే ఉంటే నవంబర్ 2 నుంచి 10 మధ్య పడేలా పెట్టుకోండి. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి, ఆ రోజు నుంచి సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. ఒహాయోలో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే కొట్టాలి. ఆ సమయాలు కొత్త గడియారం ప్రకారం రాసి జేబులో పెట్టుకోండి. వేటకు వెళ్లనివాళ్లకు కూడా ఒక మాట. నవంబర్ మొదటి రెండు వారాలు ఆఫీసు నుంచి వచ్చే వేళ, జింకలు రోడ్డు దాటే వేళ ఒకటవుతాయి. ఒకటి దాటితే దాని వెనక ఇంకోటి వస్తుందనే అనుకుని బ్రేక్ మీద కాలు ఉంచండి.

ఏ ఆయుధం

వారం తేలగానే ఆయుధం సగం తేలిపోతుంది. నవంబర్ మొదటి వారం ఒహాయోలో ఆర్చరీ సీజన్. పెద్దవాళ్లకు తుపాకీ కుదరదు. మిగిలింది కప్పీలున్న కాంపౌండ్ విల్లు, లేదా తుపాకీలా ట్రిగ్గర్ నొక్కి బాణం వేసే క్రాస్‌బో.

కాంపౌండ్ విల్లు అందంగా ఉంటుంది, తేలిక, చప్పుడు తక్కువ. కానీ జింక 20 గజాల్లో ఉన్నప్పుడు చేయి కదిపి, తాడు లాగి, పట్టుకుని ఉండాలి. ఆ కదలికకే చాలా జింకలు పారిపోతాయి. వేసవంతా వారానికి మూడు సాయంత్రాలు సాధన చేయగలిగితేనే దాన్ని తీసుకోండి. క్రాస్‌బో బరువు, మోయడానికి ఇబ్బంది, రెండో బాణం వేయడానికి టైం పడుతుంది. అయితే ముందే ఎక్కుపెట్టి ఉంటుంది కాబట్టి ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కితే చాలు. రెండు నెలల సాధనతో 30 గజాల్లో నమ్మకంగా వేయొచ్చు. మొదటి మూడేళ్లు క్రాస్‌బోనే తీసుకోమంటాను.

అంగట్లో 80 గజాలు, 100 గజాలు అని చెప్తారు, నమ్మొద్దు. సెకనుకు 400 అడుగులు పోయే బాణం 30 గజాలు దాటడానికి దాదాపు 0.22 సెకను పడుతుంది. తాడు చప్పుడు మాత్రం 0.08 సెకనులో జింక చెవిన పడుతుంది. ఆ మధ్య సందులో బెదిరిన జింక పరుగెత్తడానికి ముందు మోకాళ్లు వంచి కిందికి కుంగుతుంది, బాణం వెన్ను మీదుగా పోతుంది, లేదా తగలరాని చోట తగులుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ సందు పెరుగుతుంది. దెబ్బతిని తప్పించుకుపోయిన జింక ఎంత బాధపడుతుందో ఒక్కసారి చూస్తే మళ్లీ దూరం గురించి వాదించరు.

తుపాకీ విషయంలో మనవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. స్నేహితుడిది కాసేపు పట్టుకున్నా అదే లెక్క. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే మినహాయింపు ఉంది. అంటే ముందు హంటర్ ఎడ్యుకేషన్ క్లాస్, తర్వాత లైసెన్స్, ఆ తర్వాతే తుపాకీ. లైసెన్స్ గడువు ముగిస్తే మినహాయింపూ పోతుంది. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లకు ఈ చిక్కు లేదు. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనేముందు లాయర్‌ని ఒక మాట అడగండి. విల్లు, క్రాస్‌బోలకు ఆ నిషేధం వర్తించదు. నేను హెచ్‌1బీలో ఉన్నన్నాళ్లు క్రాస్‌బోతోనే సరిపెట్టుకున్నా, నిశ్చింతగా నిద్రపోయా.

గన్ వీక్‌కే వెళ్లాలనుకుంటే ఒహాయోలో ఒకే పెద్ద గుండు పేల్చే షాట్‌గన్ స్లగ్, గొట్టం ముందు నుంచి మందు కూరే మజిల్‌లోడర్, మెడ సన్నబడని స్ట్రెయిట్ వాల్ తూటాల రైఫిల్ ఉన్నాయి. కొత్తవాళ్ల భుజానికి స్లగ్ గట్టిగా తన్నుతుంది, రైఫిలే మేలు. పైన ఆరెంజ్ జాకెట్ గానీ వెస్ట్ గానీ తప్పనిసరి. ఆ రోజుల్లో విల్లుతో వెళ్లినా సరే.

ఎక్కడ, ఎలా కూర్చోవాలి

మన పొలాల్లో మంచె కట్టినట్టే ఇక్కడ ట్రీ స్టాండ్. చెట్టుకు ఆనించే నిచ్చెన రకం ఉంది, విడిగా మెట్లు బిగించి ఎక్కే హ్యాంగ్ ఆన్ రకం ఉంది, నడుముకు పట్టీ కట్టుకుని చెట్టుకు వేలాడే సాడిల్ ఉంది. నేల మీద గుడారంలా వేసే బ్లైండ్ నాలుగోది. అనుమతి దొరికిన సొంత చోటుంటే నిచ్చెన రకం వేయండి, 15 అడుగుల ఎత్తు చాలు. రోజూ చోటు మార్చాల్సి వచ్చే పబ్లిక్ అడవిలో సాడిల్ బాగుంటుంది, దాన్ని నేర్చుకోవడానికి మాత్రం ఓపిక కావాలి. పిల్లల్ని తీసుకెళ్తే బ్లైండే. అందులో కదిలినా, గుసగుసలాడినా చెల్లుతుంది. కాకపోతే రట్‌లో జింక ఏ వైపు నుంచి వస్తుందో తెలియదు, బ్లైండ్‌లో కిటికీ ఉన్న వైపే కనిపిస్తుంది.

చెట్టెక్కేది ఏ రకమైనా ఒళ్లంతా పట్టే హార్నెస్ వేసుకుని, కాలు నేల వదిలిన క్షణం నుంచి తాడుకు కట్టుకుని ఉండాలి. పడేది ఎక్కువగా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే, పైన కూర్చున్నప్పుడు కాదు. ఈ విషయంలో నేను ఎవరితోనూ మొహమాటపడను. హార్నెస్ లేకుండా వస్తే వెనక్కి పంపేస్తాను.

చోటు ఎంచుకోవడం మీదే అసలు ఫలితం ఆధారపడి ఉంది. మగవాటి జాడల వెంట పడొద్దు. ఆడవి పగలు ఎక్కడ పడుకుంటాయో కనుక్కోండి. తిరుగుతున్న మగది ఆ పొదల్లోకి దూరి ఒక్కోదాన్నీ పరీక్షించదు. గాలి పొద మీదుగా ఎటు వీస్తుందో ఆ వైపున, గాలివాలున నడుచుకుంటూ పోయి, లోపల ఎదకు వచ్చింది ఉందా లేదా అని ముక్కుతోనే తేల్చుకుంటుంది. మీరు అదే వైపున, అది నడిచే దారికి ఇంకా 20 గజాలు అవతల ఉండాలి. అప్పుడు పొద వాసన దానికి తగులుతుంది, మీ వాసన మీ వెనక్కి పోతుంది. ఆ దారి రెండు పొలాల మధ్య చెట్ల వరుసగానో, గుట్టల మధ్య పల్లంగానో ఇరుకైతే ఇంకా మంచిది. ఆగ్నేయ ఒహాయో గుట్టల్లో ఇంకొకటి చూసుకోవాలి. ఎండెక్కేకొద్దీ గాలి వాలు మీదుగా పైకి పోతుంది, పొద్దు వాలేసరికి కిందికి దిగుతుంది. పొద్దున మంచిదైన చెట్టు సాయంత్రానికి పనికిరాకపోవచ్చు. చిన్న సీసాలో పొడి పెట్టుకుని గంటకోసారి చిమ్మి చూడండి. వాసన చంపే సబ్బులు, స్ప్రేలు కొనే డబ్బుతో పెట్రోలు కొట్టించుకుని ఇంకో రెండు చోట్లు చూసి రావడం నయం.

రోజంతా కూర్చోండి. మామూలు రోజుల్లో తొమ్మిదిన్నరకు దిగిపోవచ్చు, ఈ పది రోజుల్లో మాత్రం పది నుంచి రెండు గంటల మధ్య కూడా మగవి తిరుగుతాయి. నా పెద్ద జింక వచ్చింది పొద్దున 10:40కి. నా పులిహోర డబ్బా మూత అప్పుడే తీశాను. ముందు ఎండుటాకుల్లో పరుగు చప్పుడు, తర్వాత ఆడది తోక ఒక పక్కకు పెట్టి వచ్చింది. దాని వెనక, అడుగడుక్కీ గొంతులోంచి చిన్నగా బుర్రుమంటూ, మెడ ముందుకు చాచి మగది. మూత చేతిలో పట్టుకునే చూస్తుండిపోయా. ఆ రోజు అది తప్పించుకుంది. అయినా వేటలో నాకు మిగిలిన మంచి జ్ఞాపకాల్లో అదొకటి.

మగ జింక గొంతు చప్పుడును అనుకరించే ఊదుడు గొట్టం, గ్రంట్ కాల్, ఒకటి కొనండి, చవక, పని చేస్తుంది. దూరంగా పోతున్న మగది మీ వైపు తిరగడానికి రెండుసార్లు ఊదితే చాలు. అదేపనిగా ఊదొద్దు. కొమ్ములు కొట్టి చప్పుడు చేయడం మగవి ఎక్కువున్న చోట్ల బాగా పనిచేస్తుంది, పబ్లిక్ అడవిలో అంతంత మాత్రం. ఎరగా చల్లే జింక మూత్రం సీసాలు నేను వాడను. కొన్ని రాష్ట్రాలు రోగభయంతో వాటిని నిషేధించాయి కూడా.

ఎవరి నేల

వేన్ నేషనల్ ఫారెస్ట్‌లో గానీ రాష్ట్రం వైల్డ్‌లైఫ్ ఏరియాల్లో గానీ ఎవర్నీ అడగక్కర్లేదు. కొలంబస్ నుంచి గంటన్నర ప్రయాణం. మామూలు రోజుల్లో మధ్యాహ్నానికే జనం పల్చబడతారు. ప్రైవేట్ పొలానికి యజమాని రాతపూర్వక అనుమతి కావాలి. కొషాక్టన్ కౌంటీ వైపు జింకలు బాగా ఎక్కువ, కానీ మంచి పొలాలన్నీ ఎప్పుడో లీజుకు పోయాయి. నాకు అనుమతి దొరికింది సోయా రైతు ఒకాయన దగ్గర. ఏప్రిల్‌లో వెళ్లి అడిగా, వేట రోజుల్లో కాదు. ముందు కంచె బాగుచేయడానికి రెండు శనివారాలు వెళ్లా. గైడ్‌కు డబ్బు కట్టి వెళ్లే పద్ధతి మొదటి ఏడు వద్దు. చోటు, చెట్టు, గాలి అన్నీ వాళ్లే చూసిపెడితే మీరు నేర్చుకునేది తక్కువ.

మగదా, ఆడదా

ఒహాయోలో ఏడాదికి కొమ్ములున్నది ఒక్కటే కొట్టొచ్చు, ఏ ఆయుధంతోనైనా సరే. మొదటి రోజు వచ్చిన చిన్నదానికి అది ఖర్చుపెట్టాలా అని ఆలోచించుకోండి. మొదటిసారి వేటాడేవాళ్లకు నేను ఆడదాన్నే చెప్తాను, దానికి తగిన పర్మిట్ తీసుకుని. వాటి సంఖ్య అదుపులో ఉండేది ఆడవి తగ్గితేనే. మాంసం కూడా మెత్తన. రట్ ముగిసేసరికి తిండి మాని తిరిగిన మగది ఒంటి బరువులో ఐదో వంతు దాకా పోగొట్టుకుంటుంది.

పరుగెత్తుతున్న దాని మీద వేయొద్దు. రట్‌లో ఈ ప్రలోభం ఎక్కువ. నోటితో "మ్యా" అంటే చాలాసార్లు ఒక్క క్షణం ఆగి చూస్తుంది, భుజం వెనక ఊపిరితిత్తులకు అప్పుడు వేయండి. సరిగ్గా తగిలిందనుకున్నా అరగంట ఆగి దిగండి. బాణం మీద పచ్చటి, చెడు వాసన వచ్చే మరక ఉంటే పేగుల్లో తగిలిందని అర్థం. కనీసం ఆరెనిమిది గంటలు ఆగాలి. ముందే వెళ్తే లేచి పోతుంది, మళ్లీ దొరకదు.

మన కోస్తా వైపు మేక మాంసాన్నే వేట మాంసం అంటారు కదా, ఇది నిజంగానే వేట మాంసం. రట్ మగదాని మాంసం కంపు కొడుతుందని వదిలేసేవాళ్లున్నారు. ఆ కంపు వెనక కాళ్ల కీళ్ల లోపలివైపు నల్లబడిన వెంట్రుకల కుచ్చుది. దాన్ని ముట్టుకోకుండా, ముట్టుకుంటే గ్లోవ్స్, కత్తి మార్చి కోస్తే మాంసానికి అంటదు. కడుపు వెంటనే తీసేయండి. నవంబర్ మొదట్లో ఒక్కోరోజు ఎండ కాస్తుంది, 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అదే రోజు ముక్కలు చేసి ఐస్‌లో పెట్టాలి. కొవ్వు మైనంలా నోటికి అంటుకుంటుంది, అంతా చెక్కేయండి. వెన్నుపట్టీ మాంసం మిరియాలు, ఉప్పుతో రెండు నిమిషాల్లో వేయించి తినాలి, ఎక్కువ ఉడికిస్తే తోలవుతుంది. భుజం, మెడ అయితే గోంగూరలో నిదానంగా.

కొట్టిన జింకను గేమ్ చెక్ అనే రాష్ట్ర వైల్డ్‌లైఫ్ శాఖ పద్ధతిలో నమోదు చేయడంతో పని అయిపోదు. ఒహాయోలో అడవి జింకల్లో సీడబ్ల్యూడీ అనే మెదడు రోగం 2020లో వయాండాట్ కౌంటీలో బయటపడింది. వండితే పోయే రోగం కాదది. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా తేలకపోయినా, పాజిటివ్ వచ్చిన మాంసం తినొద్దని ఇక్కడి కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఆ చుట్టుపక్కల కొడితే తలను పరీక్షకు ఇవ్వండి, కళేబరాన్ని ఆ ప్రాంతం దాటించే నియమాలు చూసుకోండి. ఫలితం వచ్చేదాకా ఆ జింక మాంసాన్ని తేదీ, పర్మిట్ నంబర్ రాసిన వేరే సంచిలో, ఫ్రీజర్ అడుగున ఉంచండి.